ఇంటికొచ్చిన రిజిస్టరులో సంతకం పెట్టకండి

సెప్టెంబరు నెలాఖరులోగా రైతు ఉత్పత్తిదారుల కంపెనీల సర్వసభ్య సమావేశాలు జరగాలి. మడకశిర, రొళ్ల, అగళి, గుడిబండ, అమరాపురం మండలాల్లో ఇలాంటి కంపెనీలో వాటా ఉన్న ప్రతి ఇంటికీ ఈ హెచ్చరిక. సభ జరిగితే సంతోషం. జరక్కుండానే జరిగినట్టు రాసుకోవడానికి హాజరు రిజిస్టరు మోటారు బండి మీద మీ గడప దాకా వస్తే మాత్రం సంతకం పెట్టకండి, వేలిముద్ర అసలే వేయకండి. తెచ్చినవాడు బంధువు కావచ్చు, మంచివాడు కావచ్చు, నిరుడు మీకు విత్తనకాయలు ఇప్పించినవాడే కావచ్చు. సభ ఎక్కడ, ఎన్ని గంటలకు, లెక్కల కాగితం ఏదని అడిగి మర్యాదగా వెనక్కి పంపండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరి 29న చిత్రకూట్‌లో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల (ఎఫ్‌పీఓల) పథకం మొదలుపెట్టింది. ఒక్కో సంస్థకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల దాకా నిర్వహణ సాయం. సీఈఓ జీతం, అకౌంటెంటు జీతం, ఆఫీసు అద్దె అన్నీ అందులోంచే. రైతు కట్టిన వాటాధనానికి జతగా మనిషికి 2,000 రూపాయల వరకు, సంస్థకు 15 లక్షలు మించకుండా గ్రాంటు. మొదటి విడతలో పుట్టిన కంపెనీలకు ఆ మూడేళ్లు ఎప్పుడో నిండాయి, తర్వాతి వాటికి ఒక్కొక్కదానికీ నిండుతున్నాయి. చేయి పట్టి నడిపించిన సంస్థ మనుషులు వేరే జిల్లాలో పని చూసుకుంటారు. జీతం రాని సీఈఓ ఎన్నాళ్లుంటాడు? చివరికి మిగిలేవి ఒక బ్యాంకు ఖాతా, ఒక ఎరువుల లైసెన్సు, కొన్ని వందల మంది వాటాధనం. ఇవన్నీ ఒక్క మనిషి చేతిలో పడతాయి. ఆ మనిషిని ఎందుకు ఎన్నుకున్నామో, అసలు ఎన్నుకున్నామో లేదో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ ఫలానా కంపెనీ మునిగిందని చెప్పడం లేదు. మునిగాక రాసే సంపాదకీయాలతో ఎవరికీ ఉపయోగం ఉండదు.

మన ప్రాంతంలో ఈ ప్రమాదం ఎక్కువ. మనకు మూడు వైపులా కర్ణాటక. శిర, పావగడ, మధుగిరి దగ్గర. జిల్లా ఆఫీసులు దూరం. 2022లో జిల్లా కేంద్రం అనంతపురం నుంచి పుట్టపర్తికి మారినా, ఒక కాగితం పని పడితే రోజు కూలి పోగొట్టుకోవాల్సిందే. వాన మొహం చాటేసిన ఏడు ఇంటికి ఇద్దరు బెంగళూరు బస్సెక్కుతారు. అలాంటప్పుడు ఊళ్లోనే ఉండి, తెలుగూ కన్నడమూ రెండూ మాట్లాడి, జేబులో నలుగురు ఆఫీసర్ల నంబర్లున్న మనిషి దొరికితే అతడే పెద్దమనిషి. పొదుపు సంఘానికీ అతడి ఇల్లే, పాల కేంద్రానికీ అతడి వసారానే, ఎఫ్‌పీఓ బోర్డూ అతడి గోడకే. ‘ఆయన చూసుకుంటాడులే’ అంటాం. ఆ మాటలో కృతజ్ఞత ఉంది, అలసట ఉంది. కాస్త సోమరితనమూ ఉందని ఒప్పుకోవాలి.

నాయకుడంటే పుట్టుకతోనే వేరే మనిషి అన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. 1840లో లండన్‌లో థామస్ కార్లైల్ వరసగా ఉపన్యాసాలిచ్చి, ప్రపంచ చరిత్ర అంతా గొప్పవాళ్ల చరిత్రే అని తేల్చేశాడు. ఆ గొప్పవాళ్ల లక్షణాలేమిటో పట్టుకోవాలని తర్వాత వందేళ్ల పాటు పరిశోధకులు కొలిచారు. ఎత్తు, గొంతు, తెలివి, చొరవ, ఆత్మవిశ్వాసం, ఏదీ వదల్లేదు. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటికి వచ్చిన 124 అధ్యయనాలను ముందు పెట్టుకుని చదివాడు. తెలివి, బాధ్యత, నలుగురితో కలిసి పనిచేయడం లాంటివి పదే పదే కనిపించిన మాట నిజమే. అయితే ఫలానా లక్షణాలున్నంత మాత్రాన ఎవడూ నాయకుడైపోడని, వెంట ఉన్నవాళ్ల అవసరమేమిటి, చేయాల్సిన పనేమిటి, పరిస్థితి ఏమిటన్న దాన్ని బట్టే ఆ లక్షణాలకు విలువ వస్తుందని ఆయన తేల్చాడు. ఒకచోట పనికొచ్చిన నాయకుడు ఇంకోచోట పనికిరాకపోవచ్చు. ఎమ్మార్వో ఆఫీసులో గట్టిగా మాట్లాడి పాసుపుస్తకం తెప్పించగల మనిషి, హిందూపురం మార్కెట్లో చింతపండు ధర పడిపోయిన రోజు ఏం చేయాలో తెలిసినవాడు కావాలని లేదు.

శిక్షణ శిబిరాల్లో మాత్రం నాయకుడి పది లక్షణాల చార్టు ఇంకా గోడకు వేలాడుతూనే ఉంది. దూరదృష్టి, నిజాయితీ, స్ఫూర్తి అని రాసి ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటు ఎలా చదవాలో ఆ చార్టులో ఉండదు.

గొంతు, పలుకుబడి, మంచిపేరు చూసి నమ్మితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. సత్యం కంప్యూటర్స్‌ను రామలింగరాజు 1987లో పెట్టారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి యాభై వేల మందికి ఉద్యోగాలిచ్చిన కంపెనీ. ఆయన మాట మెత్తన, ఆడంబరం తక్కువ. ఊళ్లకు మంచినీళ్లు, బళ్లు, ఆస్పత్రులంటూ ఫౌండేషన్ నడిపారు. 2005లో మొదలైన 108 అంబులెన్స్ వెనుక ఉన్నదీ ఆయనే. ఆ బండ్లు నిజంగానే ప్రాణాలు నిలబెట్టాయి. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్, కేంద్రంలో క్యాబినెట్ సెక్రటరీగా చేసిన పెద్దాయన. ఆడిట్ చేసింది ప్రపంచంలో పేరున్న సంస్థ. 2008లో కార్పొరేట్ పాలన బాగుందని అవార్డు కూడా ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనాలన్న తీర్మానానికి అంతటి బోర్డూ సరేనంది. వాటాదార్లు తిరగబడితే గంటల్లో వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న లెక్కలన్నీ పెంచి చూపించినవేనని ఆయనే ఉత్తరం రాశారు. బ్యాంకులో ఉందని చూపిన సొమ్ములో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదు.

ఆ మనిషి చేసిన మంచి అబద్ధం కాదు. లెక్క అబద్ధం. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండగలవన్నది మనం జీర్ణించుకోలేని సంగతి. ఊరికి గుడి కట్టించినవాడు లెక్క తప్పు రాయడనుకుంటాం. లెక్క అడిగితే ఆయన్ను అవమానించినట్టు అనుకుంటాం. హార్వర్డ్ ప్రొఫెసరే అడగలేకపోయినప్పుడు, రొళ్ల మండలంలో ఏడో తరగతితో చదువు ఆపేసిన డైరెక్టరు అడగగలడా అంటారేమో. అడగగలడు. ప్రొఫెసరు బతుకు అందులో లేదు. ఇతడి శనక్కాయల సొమ్ము ఉంది.

సత్యం అక్కడితో అంతం కాకపోవడానికి ఒకటే కారణం. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్తవాళ్లను కూర్చోబెట్టింది, కొన్ని నెలల్లోనే టెక్ మహీంద్రా కొనుక్కుంది. 2001లో మూతపడిన కృషి బ్యాంకు డిపాజిటర్లకు, ఆ తర్వాత ఏళ్లలో కూలిన చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకుల వాళ్లకు అలాంటి అదృష్టం పట్టలేదు. పదేసి వేలు దాచుకున్న చిన్న మనుషులు సికింద్రాబాదు వీధుల్లో నిలబడ్డారు. మీ ఎఫ్‌పీఓను కాపాడటానికి ఢిల్లీ నుంచి ఎవరూ బోర్డును పంపరు.

నాయకుడు ఎలాంటివాడో తెలుసుకోవడానికి ఒక పాత ప్రయోగం బాగా పనికొస్తుంది. 1939లో అచ్చయిన ఆ ప్రయోగంలో కర్ట్ లెవిన్, ఆయన శిష్యులు అమెరికాలో పదేళ్ల పిల్లల్ని చిన్న చిన్న జట్లుగా చేసి మాస్కుల్లాంటివి తయారుచేయించారు. కొన్ని జట్లలో పెద్దవాడు ప్రతిదీ తానే చెప్పి చేయించాడు. కొన్నింటిలో పిల్లలతో మాట్లాడి, పని వాళ్లే పంచుకునేలా చూశాడు. మరికొన్నింటిలో ఏమీ పట్టించుకోకుండా కూర్చున్నాడు. గదిలో ఉన్నంతసేపు హుకుం జారీ చేసే పెద్దవాడి జట్టు బాగానే పనిచేసింది. అతడు బయటికెళ్లగానే పని ఆగింది. రెండో జట్టులో పెద్దవాడు లేకపోయినా పని సాగింది. పట్టించుకోని జట్టు సంగతి చెప్పనక్కర్లేదు.

మీ కంపెనీ మీదా ఇది ప్రయోగించి చూడండి. చైర్మన్ పది రోజులు ఆస్పత్రిలో ఉంటే ఎరువుల దుకాణం తెరుచుకుంటుందా? బ్యాంకులో ఎంతుందో ఇంకెవరికైనా తెలుసా? గోదాము తాళంచెవి ఎక్కడుంది?

మన జిల్లాల్లో ఈ పరీక్షకు నిలిచిన సంస్థలున్నాయి. 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును (ఆర్డీటీని) నిలబెట్టిన విన్సెంట్ ఫెర్రర్ 2009 జూన్ 19న పోయారు. ఆయన్ను దేవుడిలా చూసిన జనం ఉన్న చోట అంతా కూలిపోతుందని భయపడ్డవాళ్లు తక్కువేం కాదు. కూలలేదు. బత్తలపల్లి ఆస్పత్రి నడిచింది, ఊళ్లలో బడులు నడిచాయి, ఆయన లేకుండా రాసిన పద్దులు ఆయన ఉన్నప్పటిలాగే సాగాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఇంకో దారిలో వెళ్లింది. స్థాపకులు తమ చేతిలోనే అన్నీ పెట్టుకోకుండా మహిళలకు వేరే పొదుపు సహకార సంఘాలు, సేంద్రియ రైతులకు ‘ధరణి’ అనే వేరే సహకార సంఘం పెట్టించారు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దానికి వీలిచ్చింది. ఆ చట్టం వచ్చేదాకా సహకార సంఘమంటే సర్కారు రిజిస్ట్రారు చెప్పినట్టు ఆడేది. వరంగల్ వైపు ముల్కనూరు సొసైటీ 1956 నుంచీ నడుస్తోంది, అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి లాంటి స్థాపకుడు పోయాక కూడా. అక్కడికి చూడటానికి వెళ్లిన బృందాలు సాధారణంగా స్థాపకుడి విగ్రహం దగ్గర ఫొటో దిగి వస్తాయి. ఎవరు అప్పు తీసుకున్నా గడువుకు కట్టాలన్న కట్టుబాటు ఎలా నిలబడిందో అడిగి రావాల్సింది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. మంచి ఉద్దేశంతో పుట్టిన సంస్థ కూడా మెల్లగా కొద్దిమంది చేతిలోకి జారుతుంది. 1911లో రాబర్ట్ మిఖెల్స్ ఈ సంగతే రాశాడు. ఆయన చూసింది రాజుల కొలువు కాదు. సమానత్వం కోసం పుట్టిన జర్మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీ. పని పెరిగేకొద్దీ లెక్కలు, కాగితాలు, నిబంధనలు తెలిసినవాళ్లు అవసరమవుతారు. తెలిసినవాళ్లు కొద్దిమందే ఉంటారు. మిగతావాళ్లకు తీరిక ఉండదు, పైగా చేసిపెడుతున్నాడన్న కృతజ్ఞత. అలా పెద్దలు స్థిరపడిపోతారు. కుట్ర అక్కర్లేదు. దొంగ కూడా అక్కర్లేదు. మన పొదుపు సంఘాలు చూడండి. లీడర్లను మార్చాలని నియమం. తీర్మానం పుస్తకంలో మారుతూనే ఉంటారు. బ్యాంకుకు వెళ్లేది, మేనేజరుతో మాట్లాడేది మాత్రం పాత లీడరమ్మే. సభ్యురాలి పేరు మీద వచ్చిన అప్పు ఇంకెవరో వాడుకోవడం, కట్టలేని రోజు సభ్యురాలి గుమ్మం ముందు గొడవ, ఇదంతా మొదలయ్యేది అక్కడే. అక్కా, నీ పేరు మీద ఎంత అప్పుందో వెళ్లి బ్యాంకులోనే అడుగు.

దొంగతనం గురించే ఇంతసేపు మాట్లాడాం. దొంగతనం లేకుండా కూడా కంపెనీ మునుగుతుంది, ఎక్కువ కంపెనీలు మునిగేది అలాగే. పెద్ద కంపెనీల్లో తీసుకునే నిర్ణయాలు ఆ పైన కూర్చున్నవాళ్ల చదువు, వయసు, గడిచిన జీవితం ఎలాంటివో అలాగే ఉంటాయని 1984లో హాంబ్రిక్, మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వాదం పెట్టారు. మనిషి తనకు కనిపించేదే చూస్తాడు, చూసిందే నిర్ణయిస్తాడు. మడకశిర మెట్ట మీద ఆ వాదాన్ని పరీక్షించడానికి డైరెక్టర్ల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్కరి పొలానికి నీళ్లెక్కడివో అడిగితే చాలు. బోరున్నవాడు డైరెక్టరవుతాడు. అతడికి ఇంటి దగ్గర కాస్త ఆదాయం, తిరగడానికి తీరిక ఉంటాయి. వక్క తోట ఉంటుంది, మల్బరీ ఉంటుంది. అతడు మోసగాడు కాదు. ఎరువుల దుకాణం పెడదామంటాడు, డ్రిప్పు పైపుల డీలర్‌షిప్ తెద్దామంటాడు, వక్క నారు పంచుదామంటాడు. ఎందుకంటే అతడి రోజంతా వాటితోనే గడుస్తుంది. వాన మీద వేరుశనగ, రాగి, కంది వేసే సభ్యుడికి కావాల్సింది వేరు. జూన్‌లో నమ్మకమైన విత్తనకాయ, కోతకాలంలో తడవకుండా దాచుకునే చోటు, కాటాలో మోసం లేని తూకం. సభ్యుల్లో వాళ్లే ఎక్కువమంది. కౌలు రైతులు, ఇనాం భూములు దున్నేవాళ్లు, పట్టాలేని ఎస్సీ రైతులు బోర్డు గదిలోకి వచ్చే సందర్భమే ఉండదు.

ఇక వక్క విషయం. కాపుకు రావడానికి ఐదారేళ్లు పట్టే చెట్టది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లాలో అంత వానా పడని ఏళ్లుంటాయి. ఆ చెట్టు మాత్రం ప్రతి వేసవిలో నీళ్లడుగుతుంది. ఒక రైతు తన బోరు మీద పందెం కాస్తే అది అతడి ఇష్టం. వందలమంది సొమ్ముతో కంపెనీ ఆ పందెం కాయాలంటే దాని మీద సభలో మాట్లాడుకోవాలి. పదేళ్ల తర్వాత నీళ్లెక్కడివి అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని నాయకుడు ఎంత కష్టపడినా ఆ కష్టం సభ్యుల అప్పుగానే మిగులుతుంది. సంస్థకు దిశ చూపే నాయకత్వమంటే ఏం చేద్దామన్నది చెప్పడంతో పాటు, ఏది మనకొద్దో కూడా చెప్పగలగడం. వద్దని చెబితే ఓట్లు తగ్గుతాయి కాబట్టి ఎవరూ చెప్పరు.

దీనర్థం నాయకుడి చేతులు కట్టేయమని కాదు. లారీ మార్కెట్ గేటు దగ్గర నిలబడి ఉంటే, ధర గంటకో తీరున మారుతుంటే, బోర్డు మీటింగు పెట్టి తీర్మానం రాసుకుని రమ్మనలేం. అక్కడ ఉన్న మనిషే నిర్ణయించాలి. కొత్త కంపెనీకి మొదటి ఏళ్లలో కాస్త గట్టి చేయి కూడా అవసరమే. సభ్యులు పని నేర్చుకునే కొద్దీ నాయకుడు తన పట్టు సడలించాలని హెర్సీ, బ్లాంచర్డ్ 1969లో చెప్పిన మాటకు తర్వాత ఎన్ని విమర్శలొచ్చినా, పల్లె సంస్థలకు అది సరిపోయేదే. ఎంత మొత్తం దాకా ఒక్కడే నిర్ణయించవచ్చో, ఎంత దాటితే బోర్డుకు రావాలో ముందే రాసి పెట్టుకోవాలి. నోటిమాటగా ఉన్న హద్దు అవసరం పడిన రోజున కనిపించదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2002 సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీ అన్నది మన కంపెనీ చట్టంలోకి వచ్చింది. అందులో సభ్యుల చేతికిచ్చిన అధికారం తక్కువేమీ కాదు, వాడుకోవడమే లేదు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్క ఓటే. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకూడదు, పదిహేను మందికి మించకూడదు. వాళ్ల పదవీకాలం ఐదేళ్లకు మించదు. సీఈఓ సభ్యుల్లోంచి ఉండకూడదు, బయటివాడే కావాలి. చైర్మన్ తమ్ముడు సభ్యుడై ఉండి సీఈఓగా కూడా సంతకాలు పెడుతుంటే అది చట్టానికి విరుద్ధం. సభకు నాలుగో వంతు సభ్యులు రావాలి, రాకపోతే కోరం లేదు. మూడో వంతు మంది సంతకాలు చేసి కారణం రాసిస్తే బోర్డు ప్రత్యేక సభ పిలవాల్సిందే.

డైరెక్టర్లుగా పేరున్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. భార్యను, తల్లిని, పొలంలో పనిచేసే మనిషిని ‘పేరుకు’ డైరెక్టర్‌గా పెట్టించినవాళ్లు అయితే మరీనూ. వార్షిక లెక్కలు, వార్షిక రిటర్ను అని రెండు ఫారాలు రిజిస్ట్రారుకు వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనపు రుసుము. ఏడాది పాటు రెండూ వేయకపోతే 73,000 రూపాయలు. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లందరూ ఐదేళ్ల పాటు అనర్హులు, ఆ కంపెనీలోనూ, ఇంకే కంపెనీలోనూ. నాకేం తెలియదు, సంతకం పెట్టమంటే పెట్టాను అన్న మాట అక్కడ చెల్లదు.

సంతకం అంటే ఇప్పుడు కలంతో పెట్టేదొక్కటే కాదు. డైరెక్టర్ల పేరుతో తీసిన డిజిటల్ సంతకం, చిన్న పెన్‌డ్రైవ్ లాంటిది, చాలాచోట్ల కాగితాల పని చూసే కన్సల్టెంటు బల్ల సొరుగులో ఉంటుంది. అందరిదీ ఒకే పాస్‌వర్డ్ పెడతారు. మీ ఫోనుకు ఓటీపీ వస్తే చెప్పమంటారు, చెప్పేస్తారు. ఇంట్లో కూర్చుని మీరు ఒక అప్పుకు హామీ పడ్డారని, ఒక తీర్మానానికి ఒప్పుకున్నారని మీకు తెలియకుండానే జరిగిపోతుంది. ఆ డోంగిల్ ఇవాళే అడిగి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోండి. రాయని చెక్కు మీద సంతకం చేసి ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. బ్యాంకు అప్పుకు సొంత హామీ ఇమ్మంటే కాగితం చదివించుకోకుండా ఇవ్వకండి.

మంచి చైర్మన్‌కు ఇవన్నీ అడిగితే కోపం రాదు. కోపం వచ్చినవాడికి ఇంకోసారి ఓటు వేయాలా అన్నది మీ ఇష్టం.

సభకు కనీసం 14 రోజుల ముందు నోటీసు రావాలి. ఎజెండా, ఆడిటయిన ఆస్తి అప్పుల పట్టిక, లాభనష్టాల లెక్క, డైరెక్టర్లుగా నిలబడేవాళ్ల పేర్లు దాంతోపాటే ఉండాలి. సభ 30న పెడుతున్నారంటే 15వ తేదీకల్లా ఆ కాగితాలు మీ చేతిలో ఉండాలి. రాకపోతే 16న పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, నోటీసు అందలేదని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.